జామచెట్టు మీది తెల్ల పురుగులన్నీ శత్రువులు కావు

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో మా పెరటి జామచెట్టుకు ఈ ఏడాది లేత కొమ్మలకూ కాయల తొడిమలకూ దూదిలాంటి తెల్ల పురుగులు పట్టాయి. ఆకులు జిగటగా మారి మసి కమ్మింది. దుకాణంలో ఒక రసాయన మందు ఇచ్చారు గానీ, పిల్లలు కాయలు కోసుకొని తింటారన్న భయంతో కొట్టలేదు. వేపనూనె సరిపోతుందా? పండిన కాయల లోపల కూడా పురుగులు ఉంటున్నాయి.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ మందు కొట్టకుండా ఆగి మంచి పని చేశారు. మీ చెట్టుకు పట్టినది పిండినల్లి. అది రసం పీల్చి తీయని జిగురును విసర్జిస్తుంది. మసి ఆ జిగురు మీదే పెరుగుతుంది కాబట్టి, నల్లి తగ్గితే మసి క్రమంగా ఎండి రాలిపోతుంది.

వేపనూనె కంటే ముందు చీమల సంగతి చూడండి. మీరు వాటి మాట రాయలేదు గానీ, పిండినల్లి ఉన్న చెట్టు మీద చీమల బారు లేకపోవడం అరుదు. జిగురు తీపి కోసం అవి నల్లికి కాపలా కాస్తూ, దాన్ని తినవచ్చే పురుగులను తరిమేస్తాయి. అందుకని మొదలు చుట్టూ జానెడు వెడల్పు పాలిథిన్ పట్టీని సందు లేకుండా బిగించి, దాని మీద గ్రీజు పూయండి. బెరడుకు నేరుగా పూయకండి. ప్రహరీ గోడకు, బట్టలారేసే తీగకు తగిలే కొమ్మలను కత్తిరించకపోతే, చీమలు ఆ దారినే పైకి చేరతాయి.

పిచికారీకి ముందు ఆకులను తిప్పి నిదానంగా చూడండి. నల్లుల గుంపులో వాటికంటే పెద్దగా, ఒంటినిండా పొడవాటి తెల్లని మైనపు పోగులతో, చురుకుగా కదిలే పురుగు కనిపిస్తే దాన్ని నలపకండి. అది క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. పిండినల్లే దాని ఆహారం. 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చిన పురుగు ఇది. తెలియని రోజుల్లో నేనూ వీటిని నల్లులనుకొని నలిపేశాను. ఆ బాధతోనే ఇంతగా చెబుతున్నాను. 2008లో కోయంబత్తూరులో బయటపడిన బొప్పాయి పిండినల్లి బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటలను పాడుచేసినప్పుడు, 2010లో బెంగళూరులోని జాతీయ కీటక పరిశోధన సంస్థ ద్వారా ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలిన చిన్న కందిరీగల వల్లే అది అదుపులోకి వచ్చింది.

అక్షింతల పురుగు పిల్లలు కనిపించిన కొమ్మలను వదిలేసి, మిగతా చోట్ల బాగా పట్టిన చివుళ్లను కత్తిరించి సబ్బునీళ్లలో ముంచండి. తరువాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిపాటి సబ్బుతో బాగా కలిపి, ఎండ తగ్గాక ఆకుల అడుగు తడిసేలా కొట్టండి. వారం పది రోజులకు మళ్లీ కొట్టాలి. నూనె పడక కొన్ని చెట్ల ఆకులు మాడతాయి కనుక, మొదట ఒక కొమ్మ మీద కొట్టి రెండు రోజులు చూడడం మేలు.

కాయల లోపలివి పండు ఈగ పిల్లలు. వాటికి వేపనూనె తగలదు. కాయ ఇంకా గట్టిగా, పచ్చిగా ఉన్నప్పుడే కాగితపు సంచి తొడగండి. రాలిన కాయలను ఏ రోజువి ఆ రోజే ఏరి, ప్లాస్టిక్ సంచిలో మూతి గట్టిగా కట్టి ఎండలో ఉంచండి. చెట్టు కిందే వదిలేస్తే పురుగులు మట్టిలోకి దిగి, ఈగలై తిరిగి వస్తాయి.