మందులివ్వాలంటే చేతులు వణుకుతున్నాయి, నర్సింగ్ మానేయనా?

ప్రశ్న: ప్రాక్టికల్ నర్సింగ్ చదువుతున్నాను. ఈమధ్యే వార్డు పోస్టింగ్ మొదలైంది. మందుల పేర్లు గుర్తుండవు, లెక్కలంటే మొదటి నుంచీ భయమే, ట్రే పట్టుకుని బెడ్ దగ్గరికి వెళ్తే తప్పు మందు ఇచ్చేస్తానేమోనని టెన్షన్. మందులు ఎలా వాడాలో పేషెంట్‌కి చెప్పమంటే నోరు పెగలదు. ఇంత భయపడుతూ ఎందుకు, వేరే కోర్సులోకి మారిపో అంటోంది అమ్మ. మారిపోనా?

జవాబు: వద్దు. ఈ ఒక్క కారణానికైతే అసలు వద్దు. తప్పు చేస్తానేమోనని భయపడే స్టూడెంట్ల గురించి నాకు పెద్ద దిగులుండదు. పోస్టింగ్ మొదలైన కొన్నాళ్ళకే అంతా వచ్చేసిందనుకుని లేబుల్ చదవడం మానేసేవాళ్ళతోనే చిక్కు. కాకపోతే మీ భయం ఇప్పుడు ఉత్త టెన్షన్‌గానే ఉంది, అది చెక్ చేసుకునే అలవాటుగా మారాలి, అదేమీ పుట్టుకతో వచ్చే తెలివి కాదు కాబట్టి ఎవరికైనా వస్తుంది.

ముందు మందుల పేర్ల సంగతి. అన్ని మందులూ నోటికి వచ్చిన నర్సు ఎక్కడా ఉండదు, అనుమానం వస్తే పుస్తకం తీసి చూడటం నామోషీ కూడా కాదు. విడివిడిగా బట్టీ పట్టకుండా గుంపులుగా చదవండి. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి 'లాల్' మందులన్నీ ఒక కుటుంబం, గుండె వేగాన్నీ బీపీనీ తగ్గిస్తాయి. అంటే ఇచ్చేముందు పల్స్, బీపీ చూడాలి, పడుకున్న మనిషి గబుక్కున లేస్తే కళ్ళు తిరగొచ్చని చెప్పాలి, సొంతంగా ఒక్కసారిగా మానేయకూడదని చెప్పాలి, ఆస్తమా ఉందేమో అడగాలి. 'ప్రిల్'తో ముగిసేవీ బీపీ మందులే, వాటితో కొందరికి పొడిదగ్గు వస్తుంది. ఎందుకిస్తున్నాం, ఇచ్చేముందు ఏం చూడాలి, ఇచ్చాక ఏం గమనించాలి, పేషెంట్‌కి ఏం చెప్పాలి అన్న నాలుగు సంగతులు ఒక్కో కుటుంబానికీ రాసుకుంటే సగం భారం దిగిపోతుంది. అలాగని పేరు పోలిక చూసి మందు ఇదేనని ఖాయం చేసుకోకండి, హైడ్రలజీన్ బీపీకి, హైడ్రాక్సిజీన్ దురదకి, హడావుడిలో ఒకదాని బదులు ఇంకోటి చేతికొచ్చిందంటే అంతే.

సరైన పేషెంట్, సరైన మందు, సరైన డోసు, సరైన మార్గం (నోటి ద్వారానా, ఇంజక్షన్‌గానా), సరైన సమయం అని క్లాసులో ఐదూ చెప్పే ఉంటారు, పరీక్షలో అందరూ రాస్తారు కూడా. వార్డులో జరిగేది వేరు. "ఫలానా గారు మీరేనా?" అని అడిగితే సగం నిద్రలో ఉన్న మనిషి, చెవులు సరిగ్గా వినపడని మనిషి ఊఁ అనేస్తారు. "మీ పేరు చెప్పండి, పుట్టిన తేదీ చెప్పండి" అని అడగాలి, చేతి బ్యాండ్‌తోనూ చార్ట్‌తోనూ సరిచూడాలి. బెడ్ నంబర్‌ని నమ్మకూడదు, రాత్రికి రాత్రి బెడ్లు మారిపోతుంటాయి. లేబుల్ మూడుసార్లు చదవాలి: మందు తీసేటప్పుడు, సిద్ధం చేసేటప్పుడు, ఇచ్చేముందు. ఆ సమయంలో ఎవరైనా కబుర్లు మొదలుపెడితే "ఒక్క నిమిషం" అనడం నేర్చుకోండి, మొహమాటం వద్దు.

లెక్కలు మీరనుకున్నంత పెద్దవి కావు. 750 మిల్లీగ్రాములు ఇవ్వమన్నారు, సిరప్ 5 మిల్లీలీటర్లలో 250 ఉంది. కాలిక్యులేటర్ తీయకముందే 250కి 750 మూడు రెట్లు కదా అనుకుంటే 15 మిల్లీలీటర్లని తెలిసిపోతుంది. ఈ అంచనా వేసే అలవాటే మిమ్మల్ని కాపాడుతుంది, ఎందుకంటే ప్రమాదకరమైన తప్పులు చాలావరకు పదింతల తప్పులు. చుక్క కనబడక 1.0 కాస్తా 10 అయిపోతుంది, అందుకే 1 అని రాసి ఊరుకోవాలి, అర అయితే ముందు సున్నా పెట్టి 0.5 అని రాయాలి. ఇన్సులిన్‌కి యూనిట్లు అని పూర్తిగా రాయమనేదీ ఇందుకే, 10 పక్కన ఇంగ్లీషు యు అక్షరం పెడితే అది సున్నాలా కనబడి 100 అవుతుంది. ఇన్సులిన్‌లో ఒక మిల్లీలీటర్‌కి 40 యూనిట్లుండే రకం, 100 యూనిట్లుండే రకం రెండూ ఉన్నాయి, 100 రకంలో 10 యూనిట్లంటే మిల్లీలీటర్‌లో పదో వంతే, కాబట్టి లేబుల్ చూసి ఆ రకానికి సరిపోయే ఇన్సులిన్ సిరంజి తప్ప ఇంకోటి వాడకూడదు. ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, నొప్పికిచ్చే మార్ఫిన్ లాంటి మందులకి ఇంకో నర్సుతో చెక్ చేయించేటప్పుడు మీ జవాబు ముందే చెప్పేయకండి. వాళ్ళు విడిగా లెక్క వేయాలి, లేకపోతే అది తల ఊపించుకోవడమే అవుతుంది. ఇక మీ లైసెన్సుతో మీరు ఏ మందులు, ఏ మార్గంలో ఇవ్వొచ్చన్నది చోటుని బట్టి మారుతుంది, ఉద్యోగంలో చేరిన రోజే తెలుసుకోండి.

ఇక పేషెంట్‌తో మాట్లాడటం. నన్నడిగితే ఈ కోర్సులో అందరూ తక్కువ అంచనా వేసే భాగం ఇదే. చాలాచోట్ల మొదట వివరించేది మీకంటే పెద్ద కోర్సు చేసిన రిజిస్టర్డ్ నర్సు, దాన్ని మళ్ళీ గుర్తుచేసి నిజంగా అర్థమైందో లేదో చూసేది మీరు. కాబట్టి ఉపన్యాసం అక్కర్లేదు. "అర్థమైందా?" అని మాత్రం అడగకండి, అందరూ అయిందనే అంటారు.

మెథోట్రెక్సేట్ తీసుకోండి. కీళ్ళవాతానికి దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. మిగతా మాత్రల్లాగే రోజూ వేసుకున్నవాళ్ళకి నోరు పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి, ప్రాణాల మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. "వారానికోసారండీ" అని చెప్పి వచ్చేస్తే సరిపోదు. "ఏ రోజు వేసుకుంటారు?" అని అడగండి. సోమవారం అంటే, "మరి మంగళవారం?" అని అడగండి. అక్కడ ఆ మనిషి ఒక్క క్షణం తడబడ్డారంటే మీరు మళ్ళీ చెప్పాలన్నమాట. "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను, ఇంట్లోవాళ్ళు అడిగితే ఎలా చెప్తారో నాకోసారి చెప్పండి" అంటే పరీక్ష పెట్టినట్టు ఉండదు, వాళ్ళకీ చిన్నతనం అనిపించదు. ఇన్‌హేలర్ అయితే చెప్పించడం కూడా చాలదు, మీ ముందే పీల్చి చూపించమనండి. మందు పీల్చగానే ఊపిరి వదిలేసేవాళ్ళు చాలామంది, పది సెకన్లు బిగబట్టాలని అప్పుడు చెప్పండి, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అయితే తర్వాత నోరు పుక్కిలించాలని కూడా. సిరప్‌కి వంటింటి చెంచా వద్దని, సీసాతో వచ్చిన కొలత కప్పే వాడమని చెప్పడం మర్చిపోవద్దు. ఇవన్నీ హాస్టల్‌లో పక్క మంచం అమ్మాయిని పేషెంట్‌గా కూర్చోబెట్టి రోజుకో మందు చొప్పున ప్రాక్టీస్ చేయండి, నోరు అదే పెగులుతుంది.

ఇంటర్వ్యూల్లోనూ ఇదే పనికొస్తుంది. డాక్టర్ రాసిన డోసు మీకు అనుమానంగా ఉంటే ఏం చేస్తారని అడుగుతారు. ఇవ్వకుండా ఆగి, రాసినవాళ్ళనే అడిగి తేల్చుకుంటానన్నదే జవాబు. పొరపాటు జరిగితే ఏం చేస్తారని కూడా అడుగుతారు, ముందు పేషెంట్‌ని చూసుకుంటాను, వెంటనే పైవాళ్ళకి చెప్తాను, రికార్డులో రాస్తాను అనండి, దాచే మనిషిని ఎవరూ తీసుకోరు.

అమ్మకి ఒక మాట చెప్పండి. మందుల పొరపాట్లు ఒక్క మీ భయం కాదు. వీటివల్ల జరిగే తీవ్రమైన హానిని ఐదేళ్ళలో సగానికి తగ్గించాలని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థే ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. కాబట్టి ఈ పోస్టింగ్ అయ్యేదాకా ఆగమనండి, ఈలోపు మీ ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పి మందులిచ్చే డ్యూటీ ఇంకొన్నిసార్లు ఎక్కువగా వేయించుకోండి, తప్పించుకోవద్దు. అప్పటికి కూడా మందుల భయం సంగతి పక్కనపెట్టి, రోగులతో గడపడమే ఇష్టం లేదనో షిఫ్టులు పడటం లేదనో అనిపిస్తే అది వేరే విషయం. అప్పుడు మళ్ళీ రాయండి, ఏ కోర్సులోకి మారితే ఇప్పటిదాకా చదివింది వృథా కాదో చూద్దాం.