గిన్నెలు ఎవరు తోమాలో ఊరందరికీ తెలియాలా?

ప్రశ్న: ఇంటి పనులు పంచుకోవడానికి నలుగురం ఒక యాప్ వాడుతున్నాం. నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో మాత్రం రిమైండర్లు సరిగ్గా రావడం లేదు. ఒక వారం తప్పితే పాత పనులన్నీ ఎర్రగా పేరుకుపోతున్నాయి. ప్రస్తుతానికి క్యాలెండర్ లింక్‌ను గ్రూప్‌లో పెట్టి నెట్టుకొస్తున్నాం. ఆ లింక్ ఇదిగో, చూసి మంచి యాప్ చెప్పండి.

జవాబు: యాప్ మార్చినా మీకు ఇదే గోల. వాడకుండా పక్కన పెట్టిన ఫోన్‌లో యాప్‌లను నిద్రపుచ్చే పద్ధతి ఆండ్రాయిడ్‌లో 2015 నుంచీ ఉంది. 2022లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి నోటిఫికేషన్లకు కూడా యాప్ మీ అనుమతి అడగాలి. మనమేమో చదవకుండానే 'వద్దు' నొక్కేసి, తర్వాత మోగలేదని తిడతాం. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు నోటిఫికేషన్లు, అలారం అనుమతి ఇచ్చి, బ్యాటరీ దగ్గర 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెట్టండి.

ఎర్రగా పేరుకుపోవడానికి కారణం, అన్ని పనులకూ 'ప్రతి ఆదివారం' అని పెట్టడమే. చెత్తబండికి తారీఖు ముఖ్యం. ఫ్యాన్ తుడవడానికి కాదు, దానికి 'పూర్తి చేసిన 30 రోజులకు' అని పెట్టుకోవాలి. ఆ సౌకర్యం లేని యాప్‌ను తీసేయండి.

ఇక మీ లింక్. నొక్కాను. పాస్‌వర్డ్ అడగలేదు, నేనెవరినని కూడా అడగలేదు. 'శుక్రవారం నుంచి ఆదివారం: ఇంట్లో ఎవరూ ఉండరు, మొక్కలకు నీళ్లు' అని కనిపించింది. దాని కింద నోట్‌లో తలుపు తాళం కోడ్! నీళ్లు పోసేవారి కోసం రాసుకున్నారు, సరే. కానీ అది నాకూ తెలిసిపోయింది కదా? ఇలాంటి లింకే తాళంచెవి. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు తలుపు తెరుచుకుంటుంది. గ్రూప్‌లోంచి ఆ మెసేజ్‌ను డిలీట్ చేసినా, అప్పటికే ఫార్వర్డ్ అయినవి ఎక్కడికీ పోవు. ముందు తాళం కోడ్ మార్చండి. ఆ తర్వాత లింక్‌ను రీసెట్ చేయండి, ఆ బటన్ లేకపోతే షేరింగే ఆపేయండి. ఇంట్లోవాళ్లను ఒక్కొక్కరినీ వాళ్ల మెయిల్‌తో చేర్చండి. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిన పాత రూమ్మేట్ ఇంకా సభ్యుల జాబితాలో ఉన్నారేమో కూడా చూడండి. చాలామంది మరిచిపోయేది అదే.

తప్పంతా మీదే అనను. 'లింక్ ఉన్నవారెవరైనా' అనే ఆప్షన్‌ను చేతికి అందేలా పెట్టి, హెచ్చరికను భూతద్దంతో వెతుక్కోవాల్సిన అక్షరాల్లో రాసే డిజైనర్లను ఏమనాలి? వీళ్లే బాత్‌రూం కడిగితే పది పాయింట్లు ఇచ్చి స్క్రీన్ మీద రంగు కాగితాలు రాలుస్తారు. గిన్నెలు తోమించే యాప్‌కు నా కాంటాక్టులు, నా లొకేషన్ ఎందుకో ఒక్కరూ చెప్పరు. రెండూ 'వద్దు' అనండి. అయినా ఇవ్వాల్సిందేనని యాప్ పట్టుబడితే, నలుగురూ టిక్ పెట్టుకోగల మామూలు షేర్డ్ నోట్ చాలు. అందులో కూడా తాళం కోడ్ రాయకండి, ఫోన్ చేసి చెప్పండి.