పాత పుస్తకాలు అమ్మొచ్చు, అద్దెకివ్వొచ్చు.. మరి జిరాక్స్, పీడీఎఫ్ సంగతి?

ప్రశ్న: హనుమకొండలో కాకతీయ యూనివర్సిటీ దగ్గర పాత పుస్తకాల షాపు నడుపుతున్నాను. గ్రూప్స్, డీఎస్సీ పుస్తకాలు కొని అమ్ముతాను, నెలవారీ అద్దెకూ ఇస్తాను. అడిగినవాళ్లకు పుస్తకం మొత్తం జిరాక్స్ తీసి స్పైరల్ బైండింగ్ చేసిస్తాను. టెలిగ్రామ్ గ్రూపులో పీడీఎఫ్‌లు ఉచితంగా పెడతాను. ఈమధ్య ఒక పబ్లిషర్ తరఫు మనిషి వచ్చి షాపు మొత్తం సీజ్ చేయిస్తానన్నాడు. నేను చేసేది నేరమా?

జవాబు: మీరు చేస్తున్న నాలుగు పనుల్లో మొదటి రెండింటికీ చట్టం అడ్డు రాదు. మిగతా రెండూ ఈరోజే ఆపేయండి.

కాపీలు తీసే హక్కు, వాటిని మొదటిసారి జనంలోకి విడుదల చేసే హక్కు కాపీరైట్ యజమానివి. ఒకసారి అమ్ముడై చేతులు మారుతున్న కాపీకి ఆ రెండో హక్కు వర్తించదని 1957 కాపీరైట్ చట్టం 14వ సెక్షనే చెబుతోంది. అద్దె సంగతీ అంతే. సినిమాలకు, కంప్యూటర్ ప్రోగ్రాములకు అద్దె హక్కు కూడా యజమానిదేనని రాసిన చట్టం పుస్తకాలకు ఆ మాట రాయలేదు.

అయితే ఆ కాపీ అసలుదై ఉండాలి. మసకబారిన అచ్చు, వంకరగా కోసిన అంచులు, పలచటి కాగితం కనిపిస్తే దొంగ ముద్రణేమోనని అనుమానించండి. 'తెలియక అమ్మాను' అన్న వాదన క్రిమినల్ కేసులో పనికొస్తుంది గానీ, అవే పుస్తకాలు అల్మారాలో పదుల కొద్దీ దొరికితే ఎవరూ నమ్మరు. అందుకే కొన్న ప్రతి పుస్తకానికీ తేదీ, అమ్మినవారి పేరు, ఫోన్ నంబరు, ధర, సంతకం రిజిస్టర్‌లో ఉండాలి. లైబ్రరీ ముద్ర ఉన్నవి కొనకండి. చాలా లైబ్రరీలు లోపలి పేజీ ఒకదాని మీద కూడా ముద్ర వేస్తాయి కాబట్టి మొదటి పేజీ ఒక్కటే చూసి వదిలేయొద్దు. దొంగ సొత్తని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317 కింద అది వేరే నేరం.

జిరాక్స్ విషయంలో చాలామంది ఢిల్లీ యూనివర్సిటీ కేసును అడ్డం పెట్టుకుంటారు. 2016లో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది యూనివర్సిటీ సిలబస్ కోసం తయారైన కోర్స్ ప్యాక్‌లను, అంటే వేర్వేరు పుస్తకాల్లోంచి పాఠానికి కావాల్సిన పేజీలు తీసి కట్టిన సంకలనాలను. బోధనలో భాగంగా తీసే కాపీలకు చట్టం ఇచ్చిన మినహాయింపే దానికి ఆధారం. మార్కెట్లో దొరికే గైడును షాపువాళ్లే పూర్తిగా కాపీ తీసి అమ్మితే ఆ తీర్పు కాపాడదు. విద్యార్థి తన చదువు కోసం కొన్ని పేజీలు తీయించుకోవడం వేరే సంగతి.

పీడీఎఫ్ ఇంకా ప్రమాదం. పుస్తకం చేతికిస్తే మీ దగ్గర ఉండదు. ఫైలు పంపితే మీది మీకే ఉంటుంది, అవతల కొత్త కాపీ పుడుతుంది. డబ్బు తీసుకోకపోయినా నేరం నేరమే. లాభాపేక్ష లేదని తేలితే, ప్రత్యేక కారణాలు చూపి కోర్టు శిక్ష తగ్గించవచ్చు, అంతే. మీ గ్రూపు చూసి షాపుకు గిరాకీ వస్తోందంటే ఆ మినహాయింపూ కష్టం. రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. మన కాళోజీ 2002లో పోయారు, ఆయన బతికుండగా అచ్చైన రచనలకు 2062 చివరిదాకా రక్షణ ఉంది. 1964కు ముందు పోయినవారు బతికుండగా అచ్చైన పుస్తకాలు స్వేచ్ఛగా పంచుకోవచ్చు, కాకపోతే కొత్త పీఠికలు, వ్యాఖ్యానాలు తీసేయాలి.

శిక్ష 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల జరిమానా. ఇది నాన్ బెయిలబుల్ అని 2022లో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక సీజ్ మాట. ఎస్సై, ఆపై హోదా ఉన్న అధికారి వారెంటు లేకుండానే స్వాధీనం చేసుకోవచ్చు. కానీ ఆ అధికారం ఫిర్యాదులో ఉన్న రచన కాపీలకు, వాటిని తీయడానికి వాడిన యంత్రానికే. అంటే జిరాక్స్ మెషీన్ పోవచ్చు, అసలు పుస్తకాల అల్మారాలు పోకూడదు. పంచనామాలో పుస్తకాల పేర్లు, సంఖ్య విడివిడిగా రాయమని అడగండి. సోదాను వీడియో తీయడం ఇప్పుడు తప్పనిసరి. అసలు పుస్తకాలూ పట్టుకెళ్తే 15 రోజుల్లోగా మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ రోజు మీ కొనుగోలు రిజిస్టరే అక్కరకొస్తుంది.