కణాలకు ఎవల జాగ ఏదో ఎట్ల తెలుస్తది?

పిండంల కణాలు అన్నీ ఒక్క కణం నుంచే పుడితే చర్మం, నరాలు వేరెట్ల అయితయి అని అడిగిన్రు కదా. పైనుంచి చెప్పేటోళ్లు ఎవరూ లేరు, కణాల పైన క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్లుంటయి, కాల్షియం ఉంటే ఒకే రకమున్నయి ఒకదాన్నొకటి గట్టిగ పట్టుకుంటయి. 1955ల టౌన్స్, హోల్ట్‌ఫ్రెటర్ అనే శాస్త్రవేత్తలు కప్పల లాంటి ఉభయచరాల పిండం కణాలను విడదీసి కలగాపులగం చేస్తే, చర్మమయ్యేటివి బయటికి, నాడీ కణాలు లోపలికి వాటంతటవే సర్దుకున్నయి! ఎన్నిసార్లు చదివినా నాకు అబ్బురమే. ఏ కణం ఏమవ్వాల్నో తేల్చెటందుకు జీన్లు, పక్క కణాల సిగ్నళ్లు కూడ ఉంటయనుకోండి. మా నల్లగొండ దిక్కు పొదుగుతున్న కోడి కింది గుడ్డును అయిదో దినం చీకట్ల టార్చి లైటు మీద పెట్టి చూడుండ్రి, సాలెగూడు లెక్క ఎర్రటి రక్తనాళాలు కనపడ్తయి, కణాలు కూడుకుని కట్టుకున్నయే అవి.