చిన్న కాలేజీలో జియాలజీ చదవొచ్చా?

ప్రశ్న: ఇంటర్ పూర్తయింది. బీఎస్సీ జియాలజీలో సీటు వచ్చిన కాలేజీ చిన్నది. విభాగంలో ముగ్గురే అధ్యాపకులు, పెద్ద పరికరాలేవీ లేవు. చేరమంటారా?

జవాబు: చేరవచ్చు. కాకపోతే ముందు ఒకసారి ఆ విభాగానికి వెళ్లి చూసి రండి. ఏటా ఎన్నాళ్లు ఫీల్డ్‌వర్క్‌కు తీసుకెళ్తారు? ఒక్కో పోలరైజింగ్ మైక్రోస్కోపు (ఒకే దిశలో కంపించే కాంతిలో ఖనిజాలను చూపేది) దగ్గర ఎంతమంది కూర్చుంటారు? రాళ్ల నమూనాలు విద్యార్థుల చేతికిస్తారా, బీరువాలో పెట్టి తాళం వేస్తారా? ఖనిజాలను విశ్లేషించే ఎక్స్‌రే యంత్రాలు లేకపోవడం డిగ్రీలో పెద్ద లోటు కాదు. ఫీల్డ్‌వర్క్ లేదంటే మాత్రం ఆ సీటు వదులుకోండి.

చిన్న బ్యాచ్‌లో అసలు లాభం ఫీల్డ్‌లోనే తెలుస్తుంది. రాతి పొర వాలునూ దిశనూ ప్రతి ఒక్కరూ స్వయంగా కొలవగలుగుతారు, తప్పును అధ్యాపకులు అక్కడే పట్టుకుంటారు. ఇనుప సుత్తి పక్కనే ఉంటే కంపాస్ ముల్లు పక్కకు తిరుగుతుంది. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉన్న తేడాను సరిచేయకపోతే కొలతలన్నీ ఒకే కోణంలో పక్కకు పోతాయి. పైనుంచి దొర్లిపడిన బండను పొరగా భ్రమపడి కొలవడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు.

మామూలు ఖనిజాలను గుర్తుపట్టడానికి 10 రెట్ల లెన్సు, చాకు, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చాలు. 1 నుంచి 10 వరకున్న మోస్ స్కేలులో కాఠిన్యం 3 ఉన్న కాల్సైట్‌పై చాకు గీత పడుతుంది, 7 ఉన్న క్వార్ట్జ్‌పై పడదు. ఆమ్లం చుక్క వేయగానే కాల్సైట్ బుసబుస పొంగుతుంది. డోలమైట్‌ను పొడి చేస్తే తప్ప సరిగా పొంగదు. ఏ పరీక్షకైనా రాయిని పగలగొట్టి తాజా ముఖం మీదే చూడాలి. మైక్రోస్కోపు కోసం రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీస్తారు. అందులో రెండు అడ్డ పోలరైజర్ల మధ్య చూస్తే క్వార్ట్జ్ బూడిద, తెలుపు రంగుల్లో కనిపించాలి. పసుపు తేలిందంటే ముక్క మందంగా ఉందన్నమాట. అప్పుడు మిగతా ఖనిజాల రంగులనూ నమ్మలేం.

చిన్న విభాగాల్లో జియోఫిజిక్స్ (భౌతికశాస్త్ర పద్ధతులతో భూమి లోపలిని తెలుసుకోవడం), జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల పని) బలహీనంగా ఉండవచ్చు. జీఐఎస్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం, ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలూ 2008 నుంచి ఉచితమే. వాటితో మీరు నడిచి చూసిన ప్రాంతానికే మ్యాప్ గీయండి. గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలను మాత్రం వదలొద్దు. భూకంప తరంగాలూ, శిలాద్రవం గడ్డకట్టే క్రమమూ అవి లేకుండా అర్థం కావు.

ఫీల్డ్ నోట్‌బుక్ పెన్సిల్‌తోనే రాయండి, వానకు ఇంకు చెదిరిపోతుంది. నమూనా తీసిన చోటే దానికి నంబరు వేసి, స్థలమూ పొరా రాసుకోండి. ఇంటికెళ్లి రాద్దామనుకుంటే ఏ రాయి ఎక్కడిదో తేల్చుకోలేరు.