పండ్ల వ్యాసం పంపిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి బంగినపల్లి వర్ణన దగ్గర నోరూరింది. రెండోసారి "21 రోజులు పండ్లు తప్ప ఏమీ ముట్టలేదు, ఒళ్లు దూదిపింజలా తేలిపోయింది, ఇక జన్మంతా ఇదే" అన్నచోట ఆగిపోయాను.

మూడు వారాల సాక్ష్యంతో జన్మకు సరిపడా తీర్పు రాసేశావు. బి12 విటమిన్ సంగతే చూడు. పండ్లలో అది దొరకదు. కానీ లివర్‌లో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి మొదట్లో ఏమీ తెలియదు. రక్తహీనత, అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు మొదలయ్యేసరికి, నిన్ను నమ్మి అన్నం మానేసినవాడికి నీ వ్యాసం గుర్తుకూడా ఉండదు. తప్పు ఎక్కడ జరిగిందో వాడికి తెలియదు, నీకూ తెలియదు.

"ప్రొటీన్ లోపం రావచ్చు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. లెక్క కట్టి చూపించు. 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాముల ప్రొటీన్ కావాలి. 100 గ్రాముల అరటిపండులో ఉండేది ఒక గ్రాము చిల్లర. అంటే రోజుకు మూడు, నాలుగు డజన్లు! షుగర్ ఉన్నవాళ్ల మాటేమిటి? కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్ల మాటేమిటి? వాళ్లూ నీ పాఠకులే కదా.

నేనూ తక్కువ తినలేదులే. ఒకప్పుడు పరగడుపున నిమ్మరసం మహిమ గురించి ఊగిపోతూ రాశాను. నాలుగేళ్ల తర్వాత ఒకావిడ కార్డు రాసింది, పళ్లు అరిగి చల్లనీళ్లకే జివ్వుమంటున్నాయని. ఆ కార్డు ఇంకా నా సొరుగులోనే ఉంది.

గాంధీగారి పేరు వాడుకున్నావు. సగమే చెప్పావు. ఆయన దక్షిణాఫ్రికాలో 1912లో పాలు మానేసి, అక్కడి తన ఆశ్రమం టాల్‌స్టాయ్ ఫారంలో మిత్రుడు కాలెన్‌బాక్‌తో కలిసి పండ్ల ఆహారం పట్టిన మాట నిజమే. కానీ ఆ 'పండ్ల'లో వేరుశెనగలు, ఆలివ్ నూనె కూడా ఉన్నాయి. 1918లో గుజరాత్‌లోని ఖేడాలో జబ్బుపడి బాగా చిక్కిపోయాక, కస్తూర్బా మాట మీద మేకపాలు పుచ్చుకున్నారు. ఆ పని ఆయన్ని ఎంత బాధపెట్టిందో ఆత్మకథలో దాచుకోలేదు. పైగా, తన మాట నమ్మి పాలు మానేసినవాళ్లు అన్నివిధాలా మేలు కనిపిస్తే తప్ప, లేదా అనుభవమున్న వైద్యులు చెబితే తప్ప కొనసాగించొద్దని అక్కడే రాశారు. నీ వ్యాసంలో నేను వెతికింది అలాంటి వాక్యం కోసమే.

మళ్లీ రాయి. బంగినపల్లి పేరా ముట్టుకోకు. రెండో వారంలో చిరాకు రాలేదా? పక్కింటి పోపు వాసనకి మనసు లాగలేదా? మీ అమ్మ ఏమంది? అవన్నీ ఎందుకు వదిలేశావు?

ఆదివారం ఇంటికి రా. మామిడిపండ్లు నువ్వు తే. పెరుగన్నం మీ వదిన కలుపుతుంది.

మీ అన్నయ్య