గీజరు ట్యాంకు కారితే వారంటీ ఉన్నట్టా, లేనట్టా?

ప్రశ్న: మాది దర్శి దగ్గర పల్లె. 2021 డిసెంబరులో ఒంగోలులో 25 లీటర్ల గీజరు కొన్నాం. మొత్తానికి 2 ఏళ్ళు, ఎలిమెంటుకు 4 ఏళ్ళు, ట్యాంకుకు 7 ఏళ్ళు వారంటీ అని కార్డు మీద ఉంది. ఈ మధ్య అడుగు నుంచి నీళ్ళు కారుతుంటే కంప్లైంట్ ఇచ్చాం. కంపెనీ మనిషి వచ్చి విప్పి చూసి, లోపల రాడ్డు మొత్తం అరిగిపోయింది, మీవి బోరు నీళ్ళు, మెయింటెనెన్స్ చేయించలేదు కాబట్టి వారంటీ రాదు అన్నాడు. పాతది ఇచ్చేస్తే కొత్తదాని మీద కొంత తగ్గిస్తారట. ఆ రాడ్డు గురించి మాకు ఎవరూ చెప్పలేదు. మధ్యలో ఒకసారి మా ఊరి ప్లంబరు ఎలిమెంటు మార్చాడు. కేసు వేయొచ్చా? కొత్తది కొంటే అదైనా ఎక్కువ కాలం రావాలంటే ఏం చేయాలి? (ఒక టీచరమ్మ)

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. ఆ పాత గీజరును ఎవరికీ ఇవ్వకండి, ఎక్స్‌చేంజ్‌కీ వద్దు, పాత సామాన్లవాడికీ వద్దు. అరిగిపోయిన రాడ్డు విప్పి బయట పెట్టి ఉంటే దాన్ని కూడా ఒక కవర్లో వేసి దాచండి. మీ కేసులో సాక్ష్యం అంటే ఆ రెండే. లాయరుగా నా దగ్గరకు వచ్చేవాళ్ళలో చాలామంది వస్తువు ఇచ్చేశాక వస్తారు, అప్పుడు చేతిలో మిగిలేది ఫోన్లో రెండు ఫొటోలు. ట్యాంకు ఎందుకు చిల్లుపడిందో ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు.

ఇక కేసు సంగతి. వేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కంపెనీ ఆఫీసు ఏ ఢిల్లీలోనో ముంబయిలోనో ఉన్నా, మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేసుకునే హక్కు మీకుంది, అంటే ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. జనం ఇంకా కన్స్యూమర్ ఫోరం అనే అంటారు, అదే ఇది. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు. లాయరు ఉండి తీరాలని కూడా లేదు, మీరే వాదించుకోవచ్చు (నా కడుపు నేనే కొట్టుకుంటున్నానని తోటి లాయర్లు అంటారు, అననివ్వండి). ఇ-జాగృతి పోర్టల్లో ఇంట్లో కూర్చునే ఫైల్ చేయొచ్చు.

గడువు రెండేళ్ళు. కొన్న తేదీ నుంచి అనుకుని చాలామంది వదిలేసుకుంటారు, అలా కాదు, వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి లెక్క. మీ విషయంలో ట్యాంకు కారడం, కంపెనీ కాదనడం ఈ మధ్యనే జరిగాయి కాబట్టి టైముంది. అలాగని కంపెనీకి మెయిల్ మీద మెయిల్ పెడుతూ కూర్చుంటే గడువు పెరగదు.

నెగ్గుతామా అంటారేమో. చేతిలో కాగితాలు చూడకుండా నెగ్గుతారని చెప్పను, ఓడిపోతారని కూడా చెప్పను. మీ బలం ఎక్కడుంది, బలహీనత ఎక్కడుందో చెప్తాను.

ఆ రాడ్డు సంగతి ముందు అర్థం చేసుకోవాలి. ఇనుప ట్యాంకు లోపల గాజులాంటి పూత వేస్తారు, ఎంత బాగా వేసినా అక్కడక్కడా సన్నటి సందులు ఉంటాయి, వాటి దగ్గర తుప్పు మొదలవుతుంది. అది ట్యాంకును తినకుండా మెగ్నీషియం రాడ్డు ఒకటి లోపల వేలాడదీస్తారు. మెగ్నీషియం ఇనుము కంటే తొందరగా కరిగే లోహం, కాబట్టి తుప్పు ముందు దాన్ని తింటుంది. అంటే ఆ రాడ్డు అరిగిపోవడం లోపం కాదు, దాని పనే అది. అరిగిపోయాక కొత్తది వేయకపోతే మాత్రం తర్వాత వంతు ట్యాంకుది. మీవైపు దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల బోరు నీళ్ళలో ఉప్పు ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు, బకెట్టు అంచుకు తెల్ల పెంకు కడుతుంది, సబ్బు నురగ రాదు. ఉప్పు ఎక్కువైన కొద్దీ రాడ్డు త్వరగా పోతుంది. (మీవైపు నీళ్ళలో ఉండే ఫ్లోరైడ్ వేరే సంగతి, దానికీ ట్యాంకుకూ ముడిపెట్టకండి, నీళ్ళు మరగపెడితే ఫ్లోరైడ్ పోదు కూడా.)

కాబట్టి కంపెనీ చెప్పేది పూర్తిగా కట్టుకథ కాదు. కార్డు వెనకాల చిన్న అక్షరాల్లో 'రాడ్డు ఫలానా కాలానికి మార్పించుకోవాలి, లేకపోతే ట్యాంకు వారంటీ చెల్లదు' అని ఉందేమో ముందు చూడండి. ఉంటే అది మీకు బలహీనత. కానీ కథ అక్కడితో అయిపోదు. కంపెనీ వాళ్ళు బిగించిన రోజు మీ చేత సంతకం పెట్టించుకున్న జాబ్ షీట్ ఒకటి ఉంటుంది. దాంట్లో చాలా కంపెనీలకు నీళ్ళ హార్డ్‌నెస్ (కఠినత్వం) లేదా టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాల మొత్తం) రాయడానికి ఒక గడి ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉందా, అందులో ఏదైనా అంకె ఉందా? ఇది చాలా ముఖ్యం. ఖాళీగా ఉంటే, నీళ్ళు చూడకుండా బిగించి, డబ్బు తీసుకుని, ఏళ్ళ తర్వాత నీళ్ళ మీద నెపం వేస్తున్నారని మీరు గట్టిగా అడగొచ్చు. పెద్ద అంకె రాసి ఉండీ 'మీకు రాడ్డు ఏటేటా చూపించుకోవాలి' అని ఎక్కడా రాయలేదంటే ఇంకా మంచిది. మొదటి రెండేళ్ళలో ఫ్రీ సర్వీసుకు ఎవరైనా వచ్చి ఉంటే ఆ స్లిప్పులూ వెతకండి. కంపెనీ మనిషే వచ్చి, చూసి, 'ఓకే' అని రాసి వెళ్ళి ఉంటే, మెయింటెనెన్స్ చేయించలేదన్న మాట నిలబడటం కష్టం.

మరో పని చేయండి. మీ బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేయించి రిపోర్టు తీసుకోండి. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం హార్డ్‌నెస్ లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీళ్ళు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. కార్డులో కంపెనీ పెట్టిన హద్దు ఎంత, మీ రిపోర్టులో ఎంత వచ్చింది, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే సగం తేలిపోతుంది. మీ అంకె వాళ్ళ హద్దు లోపల ఉంటే నీళ్ళ వాదన అక్కడే చచ్చిపోతుంది. చాలా ఎక్కువ వస్తే, రిపోర్టు దాచిపెట్టి కేసు వేయడం కంటే రాజీకి వెళ్ళడం మేలని నా అభిప్రాయం.

ప్లంబరు ఎలిమెంటు మార్చాడన్నారు. 'బయటివాడు చెయ్యి పెట్టాడు' అని కంపెనీ తప్పకుండా లేవనెత్తుతుంది, అప్పటికి ఎలిమెంటు వారంటీ ఉంటే ఇంకా గట్టిగా అంటుంది. దానికి మీ జవాబు ఒక్కటే: కారుతున్నది ఎలిమెంటు బిగించిన చోటా, ట్యాంకు ఒంట్లోనా? బిగింపు దగ్గర అయితే వాళ్ళ మాటలో పస ఉంది. ట్యాంకు రేకుకే చిల్లు పడితే ప్లంబరు పనికీ దీనికీ సంబంధం ఏమిటో చూపించాల్సింది వారంటీ లేదంటున్నవాళ్ళే అని మీరు వాదించొచ్చు. అవసరమైతే వస్తువును ల్యాబ్‌కు పంపే అధికారం కమిషన్‌కు ఉంది, ఆ ఖర్చు ముందు మీరే కట్టాలి. అందుకే వస్తువు ఇవ్వొద్దన్నది.

కేసు వేసే ముందు 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనూ మాట్లాడతారు. చిన్న వస్తువుల గొడవలు కొన్ని అక్కడే తేలిపోతాయి. తేలకపోతే కంపెనీకి, అమ్మిన షాపుకు, సర్వీసు సెంటరుకు ముగ్గురికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, 15 రోజుల టైమివ్వండి. షాపువాడు 'నాకేం సంబంధం, కంపెనీని అడగండి' అంటాడు, అయినా అతన్నీ కలపండి. వారంటీ రాదని కంపెనీ మనిషి నోటితో చెప్పాడే గానీ కాగితం మీద రాయలేదు కదా, అదీ రాబట్టండి, కారణం రాసిమ్మని మెయిల్ పెట్టండి.

ఫిర్యాదులో 'ఈ షరతు అన్యాయం, కొట్టేయండి' అని రాయకండి. అన్యాయమైన ఒప్పందం అన్న పేరుతో వేసే ఫిర్యాదును చట్టం స్టేట్ కమిషన్‌కు, ఆ పైనున్న జాతీయ కమిషన్‌కు ఇచ్చింది, జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు. వస్తువులో లోపం, సేవలో లోపం అని రాయండి. అడిగేది కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని అడగండి. ట్యాంకు మార్చాలి లేదా గీజరు ధర తిరిగివ్వాలి, దానికి తోడు మానసిక వేదనకు కొంత, ఖర్చులు కొంత. వేలల్లో ఉన్న వస్తువుకు 5 లక్షల పరిహారం అడిగితే కమిషన్ ముందు మీ మాటకే విలువ తగ్గుతుంది.

చట్టంలో మూడు నెలల్లో తేల్చాలని, ల్యాబ్ పరీక్ష ఉంటే అయిదు నెలలని ఉంది. నిజంగా అంతలో అయిపోతుందని నమ్మి చలికాలం వేడినీళ్ళు లేకుండా కూర్చోకండి, కొత్తది కొనుక్కోండి.

కొత్తదాని గురించి. ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. బిగించే రోజు నీళ్ళు కొలిచి జాబ్ షీటులో అంకె రాయించండి, రాయకపోతే సంతకం పెట్టకండి. నీళ్ళ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌ను 50, 55 డిగ్రీల దగ్గర ఉంచండి, నీళ్ళు ఎంత వేడెక్కితే అంత ఉప్పు పేరుకుంటుంది, ఎలిమెంటుకు పెంకు కడితే అది లోపలే కాగి మాడిపోతుంది. మీ నీళ్ళకు ఏడాదికి ఒకసారి రాడ్డు విప్పించి చూడాల్సిందే. అరిగి సన్నగా తీగలా మిగిలితే మార్చండి, గీజరు ధరతో పోలిస్తే అది చిన్న ఖర్చు. అప్పుడే ట్యాంకు కూడా ఖాళీ చేయించండి, అడుగున పేరుకున్న తెల్ల పొడి పోతుంది. స్విచ్ ఆపకుండా ఆ పని చేయకండి, ట్యాంకు నిండక ముందు స్విచ్ వేయకండి, ఎర్తింగ్ ఉందో లేదో ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. సేఫ్టీ వాల్వ్ నుంచి బొట్లు కారుతున్నాయని దానికి బిరడా కొట్టే ప్లంబర్లు ఉన్నారు, అలా చేయనివ్వకండి, లోపలి ప్రెషర్ పోవడానికి ఉన్న దారి అదే.

ఇవన్నీ వారంటీ ఉన్నన్నాళ్ళూ కంపెనీ మనిషితోనే చేయించండి, డబ్బులు కట్టినా సరే, స్లిప్పు మీద 'రాడ్డు చూశాం' లేదా 'మార్చాం' అని రాయించండి. ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు తీసుకుంటే రాడ్డు అందులో ఉందో లేదో అడగండి, చాలా వాటిలో అది అరిగే సామాను అని పక్కన పెడతారు. కాంట్రాక్టు తీసుకుని కూడా ఏడాదంతా ఎవరూ రాలేదంటే అది సేవలో లోపమే, దానికి వేరే కేసు అవుతుంది.

చివరగా ఆ ఎక్స్‌చేంజ్ ఆఫరు. కేసు బలంగా లేదనిపిస్తే తీసుకోవడంలో తప్పు లేదు. కానీ ముందు తగ్గింపు ఎంతో మెయిల్లో రాసి పంపమనండి, షాపుల్లో అందరికీ ఇచ్చే డిస్కౌంటు కంటే అది ఎక్కువేనా అని చూసుకోండి. తీసుకునేటప్పుడు 'ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు' అనే కాగితం ఏదైనా ముందు పెడతారు, దాని మీద సంతకం పెడితే ఇప్పటిదాకా చెప్పినవేవీ మీకు పనికిరావు.